తుప్పు రంగు

ముందు నీలం వేశాను.
ఇటుకబట్టీ వాడలో పంపు నీళ్ళు ఏనాడూ నీలం కాదు.
మొదటి బకెట్ తుప్పు రంగు,
రెండోది పలచటి టీ,
మూడోదాన్లో గానీ మన మొహం మనకి కనపడదు.
అయినా నీలమే వేశాను.
ఫోన్ తెర మీద తుప్పు నిలబడదు,
బొటనవేలు ఆగదు.

నాలుగు వందల మందికి ఒక్క పంపు.
జులైలో, రోడ్డు తారు కరిగే ఎండలో
మునిసిపాలిటీ దానికి తాళం వేసింది.
జిప్సీలు నీళ్ళు దుబారా చేస్తున్నారట.
విల్మా పిన్ని తీసిన వీడియోలో
ఎందుకు మూశారంటే ఆఫీసరు నీళ్ళు నమిలాడు.
అతని దగ్గర ఉన్నాయి మరి, నమలడానికి.

నేను బుడాపెస్ట్‌లో, ఎనిమిదో వార్డులో,
పెరుగు డబ్బాలకి లేబుళ్ళు గీసి బతుకుతాను.
ఆ రాత్రి స్ట్రాబెర్రీలని పక్కకి జరిపి
చదరంగా ఒక తెల్లని గడి తెరిచాను.
ఒక చుక్క.
దాని కింద ఒకే మాట: పానీ.
రొమానీలో నీళ్ళు.
మా ఇంట్లో భాష సగానికి పైగా పోయింది.
తిట్లు మిగిలాయి, లెక్కలు కొన్ని మిగిలాయి,
వెయ్యేళ్ళ నడకలో ఒలికిపోకుండా
ఈ మాట మిగిలింది.

పది స్లైడ్లు చేశాను.
మొదట చుక్క, తర్వాత తాళం.
ఐదోదాన్లో వాడకి దారి.
ఏడోదాన్లో కౌన్సిల్ సమావేశం ఎప్పుడో.
తొమ్మిదోదాన్లో, చిన్న అక్షరాల్లో, మాకేం కావాలో:
ట్యాంకరు, వకీలు,
ఆ పంపు సంగతి తెలిసిన మనిషి.

వేగుచుక్క కంటే ముందు నా చుక్క లేచింది.
బెర్లిన్‌లో ఎవరో దానికి గులాబీ రంగేశారు.
మాద్రిద్‌లో చొక్కా అయింది.
ఒక షాంపూ కంపెనీ నుదుట పెట్టుకుంది,
ఆ నురగ వదలడానికి ఎన్ని బకెట్లు పడతాయో రాయకుండా.
పానీ అంటే మీ పండగా? అని ఒకమ్మాయి అడిగింది.
లక్షా ఎనభై వేల ఎర్ర గుండెలు.
ఏడో స్లైడు దాకా వచ్చినవాళ్ళు
మూడు వందల చిల్లర.

పిన్ని ఫోన్ చేసింది.
"నీ చుక్క బావుందే పిల్లా.
ఎప్పుడు కారుతుంది?"

సమావేశం రోజు బస్సు దిగేసరికి
నీలం చొక్కాల్లో పదకొండు మంది, రెండు కెమెరాలు.
మంచివాళ్ళే.
పిల్లలకి సీసాల్లో నీళ్ళు పంచారు,
ఫోటోలు దిగారు,
సాయంత్రానికి ఖాళీ సీసాలు మాకు మిగిలాయి.

వాళ్ళ వెనక గుడ్డసంచితో ఒక ముసలాయన.
డెజ్యో, రిటైరైన ఫిట్టరు, మావాడు కాదు.
మిష్కోల్ట్స్ నించి రెండు బస్సులు మారి వచ్చాడు.
"మా మనవరాలు చదివి వినిపించింది,
తొమ్మిదో బొమ్మ దాకా.
అక్షరాలు మరీ చిన్నవి పెట్టావమ్మా."

సంచిలోంచి స్పానరు తీస్తాడనుకున్నాం,
కెమెరాలతో సహా.
మడతల్లో చిరిగిన ఒక కాగితం తీశాడు.
పంపు బిగించిన నాడు ఆయనే సంతకం చేసిన నకలు:
ఈ నీళ్ళు బట్టీ కూలీలవి,
మూసే హక్కు ఎవరికీ లేదని,
కింద ఊరి ముద్ర.
నీటి మీద రాతలు నిలవవంటారు.
నీటి కోసం రాసింది నిలిచింది,
ఒక ఫిట్టరు బీరువాలో, కోటు జేబులో.

కౌన్సిల్‌లో ఆయన దాన్ని నిదానంగా చదివాడు.
రెండుసార్లు, కళ్ళజోడు తుడుచుకుని.
కెమెరాలు అప్పటికే ఆపేశారు,
వెలుతురు చాల్లేదట.

తాళం ఆ రోజు తీయలేదు.
తొమ్మిదో రోజు రాత్రి, ఎవరూ చూడకుండా,
ఎవరో వచ్చి తీసి పోయారు.
దానికి ఫోటో లేదు.
పొద్దున్నే పిన్ని మొదటి బకెట్ నింపి
ఫోన్‌ని దాని మీదకి వంచింది.
"ఇదీ రంగు. చూసుకో."

చూసుకున్నాను.
చుక్కలేని వాళ్ళని చుక్క లాక్కొచ్చింది నిజమే,
అది లేకపోతే ఆ మనవరాలి చేతికి తొమ్మిదోది వచ్చేది కాదు.
నీలాన్ని తిట్టలేను.
చెరపనూ లేదు.

ఈసారి గడి నిండా తుప్పు రంగు పోశాను.
మధ్యలో ఆ కాగితం, మడతలతో, మరకలతో.
నలభై ఒక్క గుండెలు వచ్చాయి.
ఒకటి మనవరాలిది.
పెరుగు కంపెనీ వాళ్ళు స్ట్రాబెర్రీలేవని అడుగుతున్నారు.

అక్షరాలు మాత్రం పెద్దవి పెట్టాను.